ఆరో బీరువా

214వ రోజు. తొట్టిలో 12,400 లీటర్లు.
డ్యూటీ: పాంగి దమయంతి. ఒక్కరే.

పొద్దున్నే వలలు దులిపాను. కొండ అంచున పన్నెండు వలలున్నాయి, ఒక్కొక్కటి రెండు నిలువుల ఎత్తు. పొగమంచు వాటికి తగిలి, బొట్టుబొట్టుగా కారి, గొట్టాల గుండా తొట్టిలోకి చేరాలి. ఇవాళ వలలు పొడిగా ఉన్నాయి. వాటి మీది సాలెగూళ్లు కూడా పొడిగానే ఉన్నాయి. మంచు రాక ఇది మూడో రోజు.

తర్వాత రోజూ ఉండే పనులే. ఫిల్టర్లలో ఇరుక్కున్న రెక్కల పురుగుల్ని బ్రష్షుతో ఊడ్చాను. ఆరు బీరువాల వేడి చూసి రాశాను. అన్నీ ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే ఉన్నాయి. పంపుకి నూనె వేశాను. అన్నం వండుకున్నాను, పప్పు నిన్నటిదే ఉంది.

215వ రోజు. 11,200.

మంచు లేదు. తూర్పు నుంచి పొడిగాలి.

217వ రోజు. 8,800.

ఆరు బీరువాలనీ చల్లగా ఉంచడానికి రోజుకి పన్నెండు వందల లీటర్లు కావాలి. పైనుంచి చుక్క రావడం లేదు. కేంద్రానికి ఫోన్ చేశాను. మాట్లాడి చాలా రోజులైంది కాబట్టి ముందు గొంతు సవరించుకోవలసి వచ్చింది.

అవతల ఎవరో కుర్ర అధికారి. "నీళ్లు అయిపోయే పరిస్థితి వస్తే ఆపేయండి మేడమ్. మీ దగ్గరున్న ప్రతిదానికీ అనంతపురం స్టేషన్‌లో కాపీ ఉంది కదా. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది. మబ్బు పెట్టుకున్నదే అందుకు," అన్నాడు.

ఆ మాట నిజమే. ఇక్కడి బీరువాల్లో మీట్లూ చక్రాలూ ఉండవు. గాజు పలకల మధ్య గంజిలాంటి పదార్థం ఉంటుంది, అందులో ప్రాణమున్న కణాలు ఉంటాయి. కింద మైదానంలో, లంకల్లో, సముద్రపు కట్ట వెంబడి ఊళ్లలో జనం చేతిలో పట్టుకునే పలకల మీద రాసేవీ, చెప్పేవీ, తీసుకునే ఫొటోలూ వచ్చి ఆ కణాల్లో దాగుతాయి. జనం పలకల్లో ఏమీ ఉండదు. అంతా ఇక్కడే, దీన్నే జనం మబ్బు అంటారు. ఈ కొండ మీద ఒకటి, అనంతపురంలో ఒకటి. ముప్ఫై ఒక్క డిగ్రీలు దాటితే మాత్రం ఆ గంజి పాలు విరిగినట్టు విరిగిపోతుంది. విరిగినదాంట్లోంచి ఏదీ తిరిగి రాదు.

ఫోన్ పెట్టేశాక కొంచెం తేలిగ్గా అనిపించింది. ఇక్కడిది పోయినా ఎవరికీ ఏమీ పోదు.

218వ రోజు. 7,600.

ఈ రోజుది పూర్తిగా రాయాలి.

ఆపే ముందు అవతల కాపీలు సరిగా ఉన్నాయో లేదో చేత్తో తీసి చూడాలని నియమం. అనంతపురం స్టేషన్ చూసుకునే ఆయన పేరు ఓబులేసు. ఆయనా ఒంటరి డ్యూటీయే. నేనెప్పుడూ ఆయన్ని చూడలేదు. కొత్తలో వారానికోసారి మాట్లాడుకునేవాళ్లం.

"ఎవురు, దమయంతమ్మా? బాగుండావా తల్లీ? శానా దినాలాయ నీ గొంతిని," అన్నాడు.

"బాగున్నానన్నా. నిన్నటిది ఏదైనా ఒకటి తీసి చూడన్నా. వచ్చినాదో లేదో."

"పచ్చ దీపం ఎలుగుతాండాది కదమ్మా."

"నాకూ ఎలుగుతున్నాది. అయినా ఒకసారి తీసి చూడు."

ఆయన కుర్చీ కిర్రుమనడం, మళ్లీ కిర్రుమనడం. చివరికి మెల్లగా అన్నాడు.

"నూట డెబ్బయ్యొకటో రోజుది ఉండాది. ఆ తర్వాతది యాడా ల్యా."

నూట డెబ్బయ్యొకటో రోజు తుఫాను వచ్చిన రోజు. ఘాట్ రోడ్డు నాలుగు చోట్ల జారిపోయింది ఆ రోజే, నీళ్ల ట్యాంకరు ఇప్పటికీ ఎక్కలేదు. నది కింది నుంచి వెళ్లే పెద్ద తీగ కూడా అప్పుడే తెగింది. పక్కనున్న సన్న తీగ మీద "బాగున్నాను" అనే సంకేతం మాత్రం నిమిష నిమిషానికీ అటూ ఇటూ పోతూనే ఉంది. పచ్చ దీపానికి అది చాలు. నలభై ఏడు రోజులుగా మూడు జిల్లాల జనం దాచుకున్నదంతా నా ఆరు బీరువాల్లో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

చేత్తో తీసి చూడడం ముప్ఫై రోజులకోసారి చేయాల్సిన పని. నూట ఎనభయ్యో రోజున చేయాలి, రెండు వందల పదో రోజున చేయాలి. రిజిస్టరులో రెండు చోట్లా టిక్కు ఉంది. రెండూ నేను పెట్టినవే. రెండుసార్లూ తీసి చూడలేదు.

ఎందుకంటే ఆ పనికి ఓబులేసన్నతో మాట్లాడాలి. మొదటి ఐదు నెలలూ మనిషి గొంతు కోసం ఎదురుచూశాను. వారానికోసారి బియ్యం తెచ్చే డ్రోన్‌తో కూడా మాట్లాడేదాన్ని. తర్వాత ఎప్పుడో ఏదో మారింది. ఎవరితోనైనా మాట్లాడాలంటే బరువుగా ఉండేది. బాగున్నావా అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. రేపు మాట్లాడదాం అనుకునేదాన్ని. టిక్కు పెట్టేశాను.

ఇది ఆయనకి చెప్పాను. రిజిస్టరులో రాస్తానని కూడా చెప్పాను.

"రాయి," అన్నాడు. "నా పుస్తకంలో గూడా రెండు టిక్కులుండాయమ్మా. నేనూ చూల్లేదు. నువ్వు పిల్చలేదు, పన్లో ఉంటావులే అనుకున్యా. పిల్చడానికి నాకు మాత్రం నోరు ల్యాదా."

తర్వాత లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాం.

సన్న తీగ మీద ఒక్కొక్క బీరువానే పంపగలం. మొదటి మూడూ ఆసుపత్రులవీ, భూమి కాగితాలవీ, బడులవీ. ఒక్కోదానికి రెండు రోజులు. మిగతా మూడూ "ఇంటివి". అంటే జనం సొంతానికి దాచుకున్నవి. ఒక్కోదానికి మూడు రోజులు. మొత్తం పదిహేను రోజులు. పంపేసిన బీరువాకి నీళ్లు ఆపేయొచ్చు, పంపనిదానికి ఆపకూడదు. తొట్టి అడుగున ఎనిమిది వందల లీటర్లు బురద, పంపు దాన్ని లాగదు.

కేంద్రానికి చెప్పాను. ఈసారి పెద్ద అధికారిణి వచ్చారు. ఆమె తిట్టలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. ఇంటి బీరువాలు మూడింటికీ ఇప్పుడే నీళ్లు ఆపేసి ముందు మూడింటినీ భద్రం చేయమన్నారు.

"ఆరింటినీ చల్లగా ఉంచినా మొదటి మూడూ వెళ్లిపోతాయి మేడమ్. లెక్క వేశాను. అప్పటికి బురద పోను ఎనిమిది వందల లీటర్లు మిగులుతాయి. కింద ఊట ఉంది. నేను మోస్తాను," అన్నాను.

"ఎంత మోస్తారు?"

"రోజుకి నూట యాభై."

ఆమె కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు. "సరే. మీ బాధ్యత మీద. తీగ మొత్తం కాపీకే వాడండి. జనానికి దాచుకునే, చదువుకునే సౌకర్యం అప్పటిదాకా ఆపేస్తున్నాం," అన్నారు.

మధ్యాహ్నం మొదటి బీరువా బయల్దేరింది.

219వ రోజు. 6,550.

ఊట కొండ వెనకవైపు దిగువన ఉంది. దిగడానికి అరగంట, ఎక్కడానికి గంట. కావడికి చెరో పక్కా పదిహేను లీటర్ల డబ్బా. అయిదుసార్లు తిరిగాను. మా అమ్మమ్మ వాళ్లు కావడితో కొండలెక్కిన మనుషులు. నాకు ఆ భుజం లేదు. మూడోసారికే తువ్వాలు మడతపెట్టి వేసుకున్నా చర్మం లేచిపోయింది.

రోజంతా మోసినది ఒక్క బీరువాకి కూడా ఒక్కరోజుకి సరిపోదు. ఇది తొట్టిలో పోశాకే లెక్క వేశాను. ముందే వేసి ఉంటే మోయబుద్ధయ్యేది కాదు.

220వ రోజు. 5,500.

మొదటి బీరువా పూర్తిగా చేరిందని ఓబులేసన్న చెప్పాడు. అయిదు చోట్ల తీసి చూశాడట. ఏ ఆసుపత్రిదో ఎవరిదో చూడలేదు, తెరుచుకుంటున్నాయా లేదా అన్నదే చూశాడు. దానికి నీళ్లు ఆపేశాను.

నాలుగో తిరుగుడు నుంచి వచ్చేసరికి స్టేషన్ ఫోన్ మోగుతోంది. కేంద్రం ఫోన్లు నిండిపోతే జనం ఫోన్లు ఇటు మళ్లుతాయని విన్నాను గానీ ఇన్నాళ్లలో ఒక్కసారీ మళ్లలేదు.

"మబ్బు ఆఫీసాండి?" ఆడమనిషి గొంతు. వెనక ఎవరో మూలుగుతున్నారు.

"అవునండి. చెప్పండి."

"నా పేరు సత్యవేణండి. లంకల్లో పురుళ్లు పోస్తానండి. నా పలక పొద్దున్న పడవలోంచి నీళ్లలో పడిపోయిందండి. అది పడ్డం కొత్త కాదండి, ఇది మూడోసారి. పడితే ఏవుందండి, ఎవరి పలకైనా తీసుకుని నా పేరూ, గుర్తుమాటా చెప్తే నావన్నీ వచ్చేత్తాయి. ఇయ్యాల రావట్లేదండి. ఆగిందని చూపిత్తంది."

"రెండు వారాలు ఆపినారండి. పెద్ద తీగ తెగిపోయినాది. ఆసుపత్రివి మాత్రం…"

"నావి ఆసుపత్రివి కాదండి. నేను ఇంట్లోనే చెప్పుకుంటానండి, పలకతోటి. ఎవరికి ఎన్నో నెల, ఎవరికి ఏ మందు, అన్నీ. అరవయ్యొక్క మంది ఉన్నారండి." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు నా ముందు రాజ్యలక్ష్మి అనే పిల్ల ఉందండి. బిడ్డ వచ్చేసింది. రక్తం ఆగట్లేదు. ఆపడానికి సూది ఉందండి నా దగ్గర. నాకు ఇద్దరు రాజ్యలక్ష్ములున్నారండి, ఒకళ్లు ఈ లంక, ఒకళ్లు పక్క లంక. ఒకళ్లకి ఆ సూది పడదు. పోయిన కాన్పులో ఊపిరాడలేదంట. నెల కితం చెప్పింది, నేను పలకలో చెప్పుకున్నాను. ఎవరు చెప్పారో ఇప్పుడు తెలట్లేదండి. ఈ పిల్లకి తెలివి లేదు. అత్తగారికి తెలీదు."

ఆమె గొంతు పెద్దది కాలేదు. చేతుల్లో పని ఉన్న మనిషి మాట్లాడినట్టే మాట్లాడింది.

కావడి ఇంకా నా భుజం మీదే ఉంది. దింపి, బల్ల దగ్గరికి వెళ్లాను. ఆమె పెట్టె ఆరో బీరువాలో ఉంది. గుర్తుమాట నాకు చెప్పొద్దని, పలకతోనే చెప్పమని అన్నాను. భూమి కాగితాలు పోతున్న తీగని ఆపి, ఆమె ఒక్కదానికే దారి తెరిచాను. నియమం ప్రకారం అది తప్పు.

పదకొండు నిమిషాలు. ఫోన్ పెట్టలేదు. ఆమె తన గొంతు తనే వింటున్నట్టు సన్నగా వినిపిస్తోంది. పోయిన నెల మాటలు, ఎవరివో పేర్లు, ఎవరికో వాపు తగ్గిందని. తర్వాత "ఈవిడ కాదు. పక్క లంకావిడ," అంది. ఎవరితో అందో తెలియదు. ఫోన్ ఆగిపోయింది.

ఓబులేసన్న పిలిచాడు. "తీగ నిలిచిపాయె, ఏమైందమ్మా?" చెప్పాను. "పోనీలే. మంచిపని చేసినావు," అన్నాడు. అయిదో తిరుగుడుకి వెళ్లలేకపోయాను.

221వ రోజు. 4,620.

పొద్దున సత్యవేణి ఫోన్ చేసింది. తల్లీ బిడ్డా బాగున్నారట. ఆడపిల్ల.

"మబ్బంటే పైన ఎక్కడో ఉంటాదనుకున్నానండి. గాల్లో. మనిషుంటారనుకోలేదు," అంది.

"మబ్బులో కాదండి, కొండ మీద. ఇనప బీరువాలు. మీరు పలకలో చెప్పిందల్లా ఇక్కడికొచ్చి ఉంటాది. మీ పలక పోయినా ఇక్కడ పోదు. ఇక్కడ పోయినా ఇంకోచోట ఉండాల. అది ఇప్పుడు లేదు. నా తప్పే."

"మీ తప్పేంటండి."

చెప్పాను. ఆమె విని, "తిన్నారాండి?" అని అడిగింది.

ఏడు నెలలుగా ఆ మాట ఎవరూ అడగలేదు. తినలేదని చెప్పడానికి సిగ్గేసి, తిన్నానన్నాను.

పగలంతా కావడి మోస్తూ ఒకటే ఆలోచన. ఇంటివి అనగానే పెళ్లి ఫొటోలనుకున్నాను. చివరన పంపొచ్చు, పోయినా పోవచ్చు అనుకునే వాటి కింద అరవయ్యొక్క మంది గర్భిణులున్నారు. ఇంకా ఏమున్నాయో నాకు తెలియదు. తెరిచి చూసే అధికారం నాకు లేదు, ఉండకూడదు కూడా.

నేను మోయకపోతే ఇంటి బీరువాల్లో ఒకటి దక్కుతుంది. మోస్తే రెండు. మూడోది ఎన్నిసార్లు లెక్క వేసినా దక్కడం లేదు. ఎక్కువ కుటుంబాల చొప్పున నాలుగూ అయిదూ ముందు. ఆరోదాంట్లో తొమ్మిది వేల మూడు వందల నలభై కుటుంబాలు.

ఆ కుటుంబాలన్నింటికీ సాయంత్రం ఒక కబురు పంపాను: "తుఫాను నుంచి మొన్నటిదాకా మీరు మబ్బులో దాచుకున్నవి పోయే ప్రమాదం ఉంది. అంతకు ముందువి భద్రంగా ఉన్నాయి. ఈ నలభై ఏడు రోజుల వాటిలో ఏదో ఒక్కటి మాత్రం కాపాడగలను. అది ఏదో చెప్పండి. మూడు రోజుల్లో చెప్పండి. — దమయంతి, కొండ మీది స్టేషన్." పేరు పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

222వ రోజు. 3,770.

జవాబులు వస్తున్నాయి.

223వ రోజు. 3,120.

రెండో బీరువా నిన్ననే చేరింది. బడులవి పోతున్నాయి. భుజం వాచింది. జవాబులు నాలుగు వేలు దాటాయి. ఒక్కొక్కటీ చదివి, ఆ ఒక్కదాన్నీ వేరు చేసి పెట్టాలి. మోసుకొచ్చి కూర్చుని చదువుతాను, లేచి మోయడానికి వెళ్తాను.

కొన్ని ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను.

"మా పడవ ఇంజను చప్పుడు. కొత్తగా ఏదో చప్పుడు వస్తోంది, మేస్త్రీకి వినిపించాలి."

"చేపల పులుసు కొలతలు. అత్తయ్య చెప్పగా రాసుకున్నది. అడిగితే మళ్లీ చెప్పదు."

"మా అన్నయ్య నన్ను తిట్టిన వాయిస్. పంచాయతీలో వినిపించాలి."

"పదిహేడో పాఠం, నాదస్వరం. మా గురువుగారు వేరే ఊళ్లో ఉంటారు."

"పాప మొదటిసారి నడిచింది. రెండు అడుగులే."

"కట్ట పగిలిన చోట ఫొటో. తారీఖు కనిపించాలి."

"మీ ఇష్టం అమ్మా. నాకు ఏది ముఖ్యమో తెలియడం లేదు."

ఆ చివరిదానికి ఏం చేయాలో తోచక, ఆ ఇంటి పెట్టెలో ఎక్కువసార్లు తెరిచినది ఏదో గుర్తు చూసి దాన్నే పెట్టాను. అదేమిటో నాకు తెలియదు.

ఉద్యోగస్థురాలిగా నాకూ ఒక పెట్టె ఉంది, అదీ ఆరో బీరువాలోనే. నా వంతుకి ఏం పెట్టుకోవాలా అని చూశాను. ఏమీ లేదు. ఈ నలభై ఏడు రోజుల్లో నేను దాచుకోవాలనుకున్నది ఒక్కటీ లేదు.

224వ రోజు. 2,470.

మొదటి మూడూ చేరాయి. కేంద్రం అధికారిణి ఫోన్ చేసి "మంచిది" అన్నారు. ఆరో బీరువాలోంచి వేరు చేసినవి పంపడం మొదలుపెట్టాను. ఒక రోజు పడుతుందని, ఆ రోజుకి ఆరు వందల లీటర్లు అదనంగా ఖర్చని చెప్పాను. ఆమె వద్దనలేదు. "మా ఇంటిది కూడా ఆరోదాంట్లోనే ఉందండి. నేనూ ఒకటి పంపాను," అన్నారు.

225వ రోజు. 2,020.

6,222 వెళ్లాయి, సత్యవేణి గర్భిణుల లెక్క కూడా వాటిలోనే. చివరిది వెళ్లాక గంటసేపు ఎదురుచూశాను, ఇంకెవరైనా చెబుతారేమోనని. ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఆరో బీరువా నీళ్ల మర తిప్పేశాను. బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో తిప్పవలసి వచ్చింది. ఓబులేసన్న ఫోన్‌లోనే ఉన్నాడు. ఉండమని నేను అడగలేదు.

ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. ముప్ఫై దాకా తొందరగా ఎక్కింది, అక్కడ చాలాసేపు ఆగింది. ముప్ఫై ఒకటి దాటాక తలుపు తీశాను. గాజు పలకల మధ్య నీళ్లూ విరుగుడూ వేరువేరుగా ఉన్నాయి. పుల్లటి వాసన.

"ఏమన్నా తిను తల్లీ," అన్నాడు ఆయన. "నేనూ తింటా. ఫోన్ పెట్టొద్దు."

ఇద్దరం తిన్నాం. ఆయన నమలడం వినిపిస్తోంది. ఆయన రాగిసంకటి, నేను అన్నం.

227వ రోజు. 1,520.

మోస్తున్నాను. నాలుగోది పోతోంది.

230వ రోజు. 1,350.

తెల్లవారుతూనే కిటికీలోంచి ఏమీ కనిపించలేదు. బయటికి వెళ్తే చెయ్యి చాచినంత దూరం కూడా కనిపించడం లేదు. వలల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పన్నెండు వలల కిందా తిరిగాను. తొట్టిలో పడుతున్న చప్పుడు విన్నాను.

అయిదు రోజులు ఆలస్యం.

కావడి లోపల పెట్టేశాను. ఓబులేసన్నకి చెప్పాను. ఆయన సంతోషంగా ఏదో అనబోయి, ఆరో బీరువా గుర్తొచ్చి ఊరుకున్నాడు.

231వ రోజు. 2,640.

అయిదోది చేరింది. అన్నీ అయిపోయాయి. జనానికి దాచుకునే, చదువుకునే దారి మళ్లీ తెరిచారు.

ఆరోదాంట్లో జవాబు చెప్పని 3,118 ఇళ్లవారికి కబురు పంపాను. మీవి నలభై ఏడు రోజులవి పోయాయి, తిరిగి రావు, కారణం ఇదీ అని. నా రెండు టిక్కుల సంగతి కూడా రాశాను. కేంద్రం ఆ వాక్యం తీసేయమంది. తీయలేదు. కింద నా పేరూ, స్టేషన్ నంబరూ రాశాను.

234వ రోజు. 4,100.

పంతొమ్మిది జవాబులు వచ్చాయి. పదకొండు మంది తిట్టారు. తిట్టినవాళ్లవి నాలుగైదుసార్లు చదివాను. ఒకావిడ తండ్రి చివరి మాటలు పోయాయని రాసింది. కబురు వచ్చిన రోజుల్లో ఆ తండ్రి దహనం పనుల్లో ఉందట. జవాబు రాయడానికి కూర్చుని లేచాను, మళ్లీ కూర్చున్నాను. క్షమించమని ఒక్క ముక్క రాసి పంపాను.

మిగతా మూడు వేల మందికి పోయిందన్న సంగతే పట్టినట్టు లేదు. అది నయమో కాదో తెలియదు.

236వ రోజు. 5,300.

ఫిల్టర్లు కడుగుతుంటే ఫోన్ మోగింది.

"దమయంతిగారాండి? నా పేరు సోమరాజండి. భీమవరం అవతల సముద్రం కట్ట మీద పంపు కాడ ఉంటానండి. మీ కబురు చూశానండి."

తిడతాడేమోనని సిద్ధపడ్డాను. "క్షమించండి," అన్నాను.

"అది కాదండి. మీరు ముందు పంపిన కబురు నేను చూళ్లేదు. కట్ట కారుతుంటే మూడు రోజులు పంపు వదల్లేదండి. ఇప్పుడు చూశాను. పోయినవేంటో నాకు గుర్తు రావట్లేదండి. మీకేవన్నా తెలుసేమోనని."

"నేను చూడలేదండి. మీవి కాబట్టి చూడకూడదు."

"ఆయ్, అవునులెండి." ఆయన వెనక పంపు చప్పుడు, దాని వెనక అలల చప్పుడు. "ఫొటోలేనండి. రోజూ పొద్దుగూకే వేళ కట్ట మీంచి ఒకటి తీస్తానండి. ఎవరికీ పంపను, పంపడానికి ఎవరూ లేరు. మబ్బులో పడేస్తాను. పెద్దగా ఏమీ ఉండదండి. నీళ్లే. అందుకే గుర్తు లేదు."

అక్కడితో ఆయన ఫోన్ పెట్టేసేలా ఉన్నాడు. పెట్టేస్తే మళ్లీ చేయడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"సోమరాజుగారూ, తుఫాను మర్నాడు నీళ్లు ఎలా ఉన్నాయండి?" అన్నాను.

"ఆ రోజాండి?" ఆలోచించాడు. "ఆ రోజు నీళ్లు ఎర్రగా ఉన్నాయండి. గోదారి మట్టంతా వచ్చేసింది కదండీ. ఒక తలుపు తేలుకుంటా వచ్చింది. నీలంరంగు తలుపు. గొళ్లెం కూడా ఉంది."

రిజిస్టరు ముందుకు లాక్కుని కొత్త పేజీ తీశాను. ఒకటి అని వేసి రాశాను. నీళ్లు ఎరుపు. నీలం తలుపు, గొళ్లెంతో.

"రెండో రోజు?"

"రాస్తున్నారాండి?"

"రాస్తున్నాను. చెప్పండి."

రెండో రోజు కొంగలు తిరిగొచ్చాయట. మూడో రోజు ఆకాశం బాగోలేదట, అయినా తీశాడట. నాలుగో రోజు కట్ట మీద ఎవరిదో చెప్పు, ఒక్కటే. చెప్పేకొద్దీ ఆయన గొంతు తేరుకుంటోంది. నేను అడగకుండానే రంగులు చెబుతున్నాడు. ఏడో రోజుది చెబుతూ ఒకసారి నవ్వాడు, ఎందుకో తెలియలేదు, నవ్వాడని కూడా రాశాను. ఫిల్టర్లు బయట నీళ్లలోనే ఉన్నాయి.

పదో రోజు దాకా వచ్చి ఆగాడు.

"పదకొండోది ఎంతకీ రావట్లేదండి."

"పర్లేదండి. అక్కడ ఖాళీ వదిలాను. పన్నెండోది చెప్పండి."